పని మీది, సర్టిఫికెట్ ఆయనది

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. వయసు 34. తాపీ పనితో మొదలుపెట్టి 12 ఏళ్ళుగా ఇదే లైనులో ఉన్నాను. ఆరేళ్ళుగా శ్రీకాకుళంలో ఒక కాంట్రాక్టరు గారి లైసెన్సు మీద సీసీ రోడ్లు, డ్రైన్లు, స్కూలు ప్రహరీ గోడలు నేనే చేసి అప్పగిస్తున్నాను. ఆయనకు నూటికి ఐదు ఇస్తాను. ఇక సొంత లైసెన్సు తీసుకుందామని ఉంది. మా బావమరిది పది లక్షలు పెట్టి భాగస్వామిగా చేరతానంటున్నాడు. కాలిఫోర్నియాలో ఉన్న మా పెదనాన్న గారి అబ్బాయి అక్కడ కాంట్రాక్టరు లైసెన్సుకి చదువుతున్నాడు. పనితో పాటు వ్యాపారం, చట్టం మీద కూడా పరీక్ష ఉంటుందట. మనకు పరీక్ష లేదు కదా, పని వస్తే చాలా? ఇంకా ఏం తెలుసుకోవాలి? మా లెక్కల పుస్తకం రాసేది మా ఆవిడే. ఆవిడ మాత్రం "ఉన్నది చాలు, లేనిపోని టెన్షన్ ఎందుకు" అంటోంది.
– ఒక పాఠకుడు

సమాధానం: ముందు మీ ఆవిడ మాట తీసిపారేయకండి. లెక్కలు రాసే మనిషి టెన్షన్ అంటున్నారంటే ఆ పుస్తకంలో ఏదో కనబడే అంటున్నారు. అదేమిటో కింద లెక్క వేసి చూద్దాం. నేను విజయనగరంలో ఇరవై ఏళ్ళ పైన చిన్న చిన్న పనులు చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి, నాకు తెలిసిందే చెబుతాను.

మీ అన్నయ్య చెప్పింది నిజమే. కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు అని ఉంది. గత పదేళ్ళలో నాలుగేళ్ళ అనుభవం చూపించాలి. ఏ పనికి లైసెన్సు కావాలో ఆ పని మీద ఒక పరీక్ష, 'లా అండ్ బిజినెస్' అని ఇంకొక పరీక్ష రాయాలి. 25,000 డాలర్ల బాండు పెట్టాలి. ఆ రెండో పరీక్షలో సిమెంటు పాళ్ళు అడగరు. ఒప్పందం ఎలా రాసుకోవాలి, కూలీలకు ఏం కట్టాలి, బీమా ఏమిటి, డబ్బు లెక్క ఎలా చూసుకోవాలి, ప్రభుత్వ పనుల రూల్సేమిటి, ఇవి అడుగుతారు. మనకు ఆ పరీక్ష లేదనుకోకండి. అక్కడ లైసెన్సుకి ముందు పెడతారు, ఇక్కడ ఫైనల్ బిల్లు రోజున పెడతారు. ఫీజు కూడా ఆ రోజే పట్టుకుంటారు.

ఇక అసలు సంగతి. మీరు నూటికి ఐదు ఇస్తున్నానని రాశారు. పది లక్షల పనికి 50,000. దాన్ని తప్పించుకోవడానికే లైసెన్సు అనుకుంటున్నట్టున్నారు. ఆ ఐదు శాతం చిన్న నష్టం. ఆరేళ్ళుగా మీరు చేసిన పనులన్నింటికీ అనుభవ ధ్రువపత్రం ఎవరి పేరున వచ్చింది? ఆయన పేరున. బిల్లు ఎవరి ఖాతాలో పడింది? ఆయన ఖాతాలో. బిల్లులోనే ముందుగా కోసే ఆదాయపు పన్ను, అదే టీడీఎస్, ఎవరి పాన్ మీద కట్ అయింది? ఆయన పాన్ మీద. అంటే ప్రభుత్వ కాగితాల్లో మీరు ఆరేళ్ళుగా ఏ పనీ చేయలేదు. ఆ రోడ్ల మీద బళ్ళు తిరుగుతున్నాయి, మీ టర్నోవరు మాత్రం సున్నా. రేపు పెద్ద తరగతి లైసెన్సు అడిగినా, బ్యాంకులో లోను అడిగినా, అవతలివాళ్ళు చూసేది ఆ సున్నానే. పైగా ప్రభుత్వ ఒప్పందాల్లో అనుమతి లేకుండా పని ఇంకొకరికి అప్పగించకూడదని రాసే ఉంటుంది. అందరూ చేస్తున్నారు నిజమే. గోడ పగులు తీసి విజిలెన్సు వచ్చిన రోజున మాత్రం ఆయన మిమ్మల్ని చూపిస్తారు, మీ దగ్గర చూపించడానికి కాగితం ఉండదు. కాబట్టి లైసెన్సు తీసుకోండి. ఈ ఏడే తీసుకోండి. ఎంత ఆలస్యమైతే మీ సున్నా అంత ముదురుతుంది.

తీసుకునే పద్ధతి మీరు భయపడేంత కష్టం కాదు. మన రాష్ట్రంలో కాంట్రాక్టర్ల రిజిస్ట్రేషనుకీ టెండర్లకీ ఆధారం నీటిపారుదల శాఖ 2003 జులై 1న ఇచ్చిన జీవో 94, దాని మీద తర్వాత వచ్చిన సవరణలు. స్పెషల్ క్లాసు కాక ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు. ఏ తరగతి వాడు ఎంత విలువ పనికి టెండరు వేయవచ్చో పరిమితి ఉంటుంది. మీరు ఐదో తరగతితో మొదలుపెడితే తప్పేం లేదు. పాన్, జీఎస్టీ, ఆస్తి చూపించే సాల్వెన్సీ సర్టిఫికెట్, దరఖాస్తు, ఫీజు. సాల్వెన్సీ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేటప్పుడు భూమి మీ నాన్నగారి పేరున ఉందా మీ పేరున ఉందా ముందే చూసుకోండి, చాలామంది దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. టెండర్లు ఆన్‌లైన్ ఈ-ప్రొక్యూర్‌మెంటులో వేయాలి కాబట్టి డిజిటల్ సంతకం కూడా కావాలి. ఆ చిన్న టోకెన్ని మీ దగ్గరే ఉంచుకోండి. నెట్ సెంటరు కుర్రాడి సొరుగులో వదిలేసి వచ్చేవాళ్ళని చూశాను. అది ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇవ్వడమే.

బావమరిది సంగతి. ఆయన్ని భాగస్వామిగా చేర్చుకోవద్దు. ఆయన మంచివాడు కాదని కాదు, ఆయన ఎలాంటివాడో నాకు తెలియదు కూడా. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం భాగస్వాములిద్దరూ సంస్థ అప్పులకు కలిసీ విడివిడిగానూ బాధ్యులు. సిమెంటు షాపులో ఆయన పెట్టిన బాకీకి మీ ఇల్లు జప్తుకు రావచ్చు, మీరు పెట్టిన బాకీకి ఆయన పొలం రావచ్చు. అదే చట్టం 69వ సెక్షన్ ఇంకోటి చెబుతుంది. సంస్థను రిజిస్టర్ చేయించకపోతే, మీకు రావాల్సిన డబ్బు కోసం ఆ సంస్థ పేరున కోర్టులో దావా వేయడానికి వీల్లేదు. మీ మీద మాత్రం ఎవరైనా వేయవచ్చు. స్టాంపు కాగితం మీద డీడ్ రాసుకుని, ఫొటో దిగి, రిజిస్ట్రేషన్ మాట మరిచిపోయిన అన్నదమ్ములు మన జిల్లాల్లో బోలెడు మంది.

ఆయన పది లక్షలు పెట్టగలిగితే అప్పుగా తీసుకోండి. బ్యాంకు ద్వారానే తీసుకోండి, 20,000 గానీ ఆపైన గానీ అప్పు నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ప్రామిసరీ నోటు రాసివ్వండి, వడ్డీ ఎంతో రాయండి, ఏడాదికోసారి ఎంతో కొంత కట్టి నోటు వెనక చెల్లు వేయించండి. మూడేళ్ళకి నోటు కాలదోషం పడుతుందని ఆయనకూ తెలుసు, మీరే ముందుగా చెల్లు వేస్తే ఆయనకు మీ మీద నమ్మకం పెరుగుతుంది. పండగకి ఇద్దరూ ఒకే ఇంట్లో భోంచేయాలంటే ఇదే సుఖం. లైసెన్సు మీ ఒక్కరి పేరున ఉండనివ్వండి.

ఇప్పుడు మీ ఆవిడ పుస్తకం తెరుద్దాం. ఒక పని విలువ జీఎస్టీ కాకుండా 5,00,000 అనుకోండి. మీరు సామానుకీ కూలీకీ కలిపి 4,40,000 ఖర్చు పెట్టారు, సిమెంటు, ఇనుము వగైరా కొన్నప్పుడు వాటి మీద 42,000 జీఎస్టీ కట్టారు. మొత్తం 4,82,000 చేతి నుంచి పోయింది. బిల్లు 18 శాతం జీఎస్టీతో కలిపి 5,90,000 అయింది. ఇప్పుడు కోతలు చూడండి. ఆదాయపు పన్ను టీడీఎస్ 1 శాతం, 5,000. జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, 10,000. లేబర్ సెస్సు 1 శాతం, 5,000. ఎఫ్ఎస్‌డీ (పనికి పూచీగా శాఖ ఆపి ఉంచే డిపాజిట్) ఏడున్నర శాతం, 37,500. మెటల్, గ్రావెల్ మీద సీనరేజి, అంటే గనుల రుసుము, ఒక 12,500 అనుకుందాం. మొత్తం 70,000 పోయి 5,20,000 వస్తుంది. అందులో మీరు వసూలు చేసిన జీఎస్టీ 90,000 మీది కాదు. దానిలో 42,000 మీరు కొన్నప్పుడు కట్టినదానికి సరిపోయింది, 10,000 టీడీఎస్ రూపంలో మీ లెడ్జర్లోకి వచ్చింది, మిగిలిన 38,000 కట్టాలి. 5,20,000 లోంచి 38,000 తీసేస్తే 4,82,000. మీరు పెట్టింది ఎంత? 4,82,000.

అంటే లాభం లేదా? ఉంది. 42,500 ఉంది. కానీ అందులో 37,500 ఎఫ్ఎస్‌డీలో పడుకుంది, డిఫెక్ట్ లయబిలిటీ గడువు, అంటే లోపం వస్తే మీరే సరిచేయాల్సిన రెండేళ్ళు, తీరాక వస్తుంది. 5,000 టీడీఎస్‌లో ఉంది, రిటర్ను వేస్తే వస్తుంది. చేతిలో ఒక్క రూపాయి మిగల్లేదు. ఇదంతా బిల్లు వెంటనే వస్తేనే. ఆ 4,82,000 మీరు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, బిల్లు ఆరు నెలలకు వస్తే వడ్డీ 57,840. లాభం కంటే వడ్డీ ఎక్కువ. మీ ఆవిడ టెన్షన్ ఎక్కడ మొదలైందో నాకైతే ఇక్కడ కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ ఈ కోతలన్నీ ఆ కాంట్రాక్టరు గారు చూసుకుని మీకు నికరం ఇచ్చి ఉంటారు, సొంత లైసెన్సు వచ్చిన రోజు నుంచి అవి మీ నెత్తిన పడతాయి.

సెస్సు, సీనరేజి, జీఎస్టీ కొన్ని అంచనాల్లో విడిగా చూపిస్తారు, అప్పుడు ఆ మేరకు మీకు భారం తగ్గుతుంది. చూపించారో లేదో టెండరు వేసేముందు అంచనా తెరిచి చూడండి, వేశాక చూసి లాభం లేదు. మెటల్ క్రషరు నుంచి తెచ్చినప్పుడు పర్మిట్ కాగితాలు, వే బిల్లులు ఒక ఫైల్లో పెట్టండి. అవి లేకపోతే సీనరేజి మీ బిల్లులోనే కోస్తారు, క్రషరు వాడు కట్టాడో లేదో ఎవరికీ పట్టదు.

జీఎస్టీలో ఇంకో కిటుకుంది. సేవల వ్యాపారానికి ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని ఎవరో ఒకరు మీకు చెబుతారు. నిజమే గానీ, శాఖలు జీఎస్టీ లేనివాడితో పని పెట్టుకోవు. ఇన్వాయిసు ఇచ్చిన లెక్కన పన్ను కట్టాల్సిందే, డబ్బు ఎప్పుడొస్తుందన్నది వాళ్ళకు అనవసరం. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. అందుకే బిల్లు పాసయ్యేది ఎప్పుడో కనుక్కోకుండా ఇన్వాయిసు కొట్టి పారేయకండి, మీ అకౌంటెంటుని అడిగి ఇవ్వండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది. పాత రేటుతో లెక్క వేసిన అంచనా మీ చేతికొస్తే ఆ తేడా ఎవరికి పోతుందో ఒప్పందంలో చదవండి.

టెండరు రేటు గురించి ఒక్క మాట, ఇక్కడే మన కుర్రాళ్ళు ఎక్కువ మునుగుతున్నారు. ఎస్ఎస్ఆర్, అంటే ప్రభుత్వ ప్రామాణిక రేట్లతో అంచనా వేసినప్పుడు ఓవర్‌హెడ్, కాంట్రాక్టరు లాభం కింద 13.615 శాతం కలుపుతారు. అసలు ఖర్చు 100 అయితే అంచనా 113.6 అన్నమాట. దాని మీద మీరు పోటీకి పడి 15 శాతం లెస్ వేశారనుకోండి, 96.57 వస్తుంది. ఖర్చు కంటే తక్కువ. 25 శాతం దాటి లెస్ వేస్తే ఆ దాటిన తేడాకి బ్యాంకు గ్యారంటీయో డీడీయో అదనంగా పెట్టాలి. అటు అంచనా మీద 5 శాతం దాటి ఎక్కువ వేస్తే టెండరు పక్కన పడేస్తారు. మరి లెస్ వేసినవాళ్ళు ఎలా బతుకుతున్నారంటారా? కొందరికి ఇసుక, మెటల్ దగ్గరే ఉంటాయి, మిషన్లు సొంతానివి. కొందరు నాణ్యత తగ్గిస్తారు. మూడోరకం వాళ్ళు బతకడం లేదు, వాళ్ళ పేర్లు వినపడవంతే. మీ మిక్సరు సొంతానిదా అద్దెదా, మీ ముఠా రోజుకి ఎన్ని క్యూబిక్ మీటర్లు పోస్తుంది, ఇవి మీకు తెలిసినంతగా పోటీకి వచ్చేవాడికి తెలియవు. మీ బలం అదే. ఆ లెక్కతో వచ్చిన రేటే వేయండి, పక్కవాడు ఎంత వేశాడో తర్వాత చూడండి.

పని సామర్థ్యం కొలవడానికి ఒక సూత్రం ఉంది, టెండరు కాగితాల్లో 2ఏఎన్-బి అని కనిపిస్తుంది. ఏ అంటే గత ఐదేళ్ళలో ఏదో ఒక ఏడాదిలో మీరు చేసిన అత్యధిక పని విలువ. ఎన్ అంటే కొత్త పని గడువు ఏళ్ళలో. బి అంటే ఆ గడువులోపు చేయాల్సిన చేతిలో ఉన్న పనుల విలువ. మీరు ఒక ఏడాది 40 లక్షల పని చేశారు, కొత్త పని గడువు ఆరు నెలలు, చేతిలో 25 లక్షల పని ఉంది. రెండు నలభైలు ఎనభై, అందులో సగం నలభై, పాతిక తీసేస్తే పదిహేను. మీరు 15 లక్షల పని దాకానే అర్హులు. ఇప్పుడు పైన చెప్పిన సున్నాని ఆ ఏ స్థానంలో పెట్టి చూడండి. మీ ఆరేళ్ళ పని ఎక్కడికి పోయిందో తెలుస్తుంది.

ఇక రాత. మీ ఉత్తరంలో పని అప్పగిస్తున్నాను అని రాశారు గానీ ఒక్క కాగితం పేరు రాయలేదు. అందుకే ఇది కాస్త వివరంగా చెబుతాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది, మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత వంశధార వైపు ఒక ఊళ్ళో నేను చిన్న కల్వర్టు పని చేస్తున్నాను. దిగువ వైపు మట్టి కొట్టుకుపోయి ఉంది. అలా కోసుకుపోకుండా అక్కడ పరిచే గచ్చునే యాప్రాన్ అంటారు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు సైటుకి వచ్చి, "యాప్రాన్ ఇంకో నాలుగు మీటర్లు లాగేయండి, లేకపోతే వచ్చే వరదకి ఇదీ పోతుంది, ఎస్టిమేటు నేను పెట్టిస్తాను" అన్నారు. ఆయన చెప్పింది ఇంజనీరింగ్ పరంగా నూటికి నూరుపాళ్ళు సరైనది. నేను లాగేశాను. 3,20,000 అయింది. రెండు నెలలకి ఆయనకు బదిలీ అయింది. కొత్తాయన ఎం-బుక్ (కొలతల పుస్తకం) తీసి, "ఇందులో లేదు కదండీ" అన్నారు. లేదు. నా దగ్గర ఉన్నది పాతాయన వాట్సాప్‌లో పెట్టిన ఒక బొటనవేలు గుర్తు మాత్రమే. లాయరు దగ్గరికి వెళ్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కింద, ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా చేసిన పని వల్ల అవతలివాళ్ళు లాభం పొందితే ప్రతిఫలం అడగవచ్చు అన్నారు. ప్రభుత్వం మీద దావాకి ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలన్నారు. పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్ళలోపు వేయాలన్నారు. నేను ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని మూడేళ్ళు గడిపేశాను. ఆ యాప్రాన్ ఇప్పటికీ చెక్కు చెదరలేదు, అటు వెళ్ళినప్పుడల్లా ఆగి చూసి వస్తాను.

అప్పట్నుంచి నాకొక అలవాటు. సైటులో ఎవరు ఏం చెప్పినా ఆ సాయంత్రమే ఒక పేజీ రాసేవాణ్ణి. "ఈ రోజు తమరు సైటులో ఆదేశించిన ప్రకారం ఫలానా అదనపు పని, సుమారు ఇంత కొలత, ఇంత విలువ. రాతపూర్వక ఉత్తర్వు ఇప్పించగలరు. అది అందగానే మొదలుపెడతాను." ఆఫీసులో ఇచ్చి ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోవాలి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టు, అక్‌నాలెడ్జ్‌మెంటుతో. ఏఈ గారికి కోపం వస్తుందేమోనని మీకు భయం ఉంటుంది. మొదటిసారి వస్తుంది. రెండోసారి నుంచి మీతో జాగ్రత్తగా మాట్లాడతారు. ఆయన ఉద్యోగానికీ ఆ కాగితమే రక్ష.

కొలతల పుస్తకం కూడా అంతే. పునాదిలో పోసిన కాంక్రీటు మట్టి కప్పాక ఎవరూ కొలవలేరు. కప్పక ముందే కొలత రాయించండి, టేపు పట్టిన చోట ఫొటో తీయండి, ఆ రాసిన పేజీ చదివాకే సంతకం పెట్టండి. తాపీ పట్టిన చేతికి పుస్తకం చదవడం విసుగే, నాకూ విసుగే.

గడువు గురించి ఒకటి చెప్పి వదిలేస్తాను. సైటు అప్పగించడం ఆలస్యమైనా, వానకి పని ఆగినా, గడువు తీరక ముందే పొడిగింపు అడగాలి. తీరాక అడిగితే బతిమాలినట్టుంటుంది, జరిమానా పడుతుంది. మన తీరంలో అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాను రాదనుకుని ఎవరు గడువు ఒప్పుకుంటారో వాళ్ళకి నా నమస్కారం. పని ఆగిన ప్రతి రోజూ తారీఖు, కారణం డైరీలో రాసుకోండి.

కూలీల దగ్గరికి వద్దాం. శనివారం బట్వాడా మీరు ఏనాడూ ఆపి ఉండరు, ఆపితే ఆరేళ్ళు నిలబడేవాళ్ళు కాదు. కానీ మస్టరు ఉందా? ఇన్నాళ్ళూ ముఠా మేస్త్రీ చేతిలో డబ్బు పెడితే ఆయనే పంచేవాడు. ఇకమీదట ఎవరు ఏ రోజు వచ్చారు, ఎంత తీసుకున్నారు, సంతకమో వేలిముద్రో ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కాంట్రాక్టు కూలీల లైసెన్సు పాత కేంద్ర చట్టంలో 20 మందికి ఉండేది, ఇప్పుడు 50 మందికి. మీ పనికి అంత మంది రారు కాబట్టి దాని గురించి బెంగ పడకండి. పీఎఫ్ 20 మందికి, ఈఎస్ఐ పది మందికి అన్నది గుర్తుంచుకోండి. మీ దగ్గర ఏడాదిలో 90 రోజులు పని చేసిన 18 నుంచి 60 ఏళ్ళ వాళ్ళని నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోమనండి. ఆ ఒక్క శాతం సెస్సు వాళ్ళ కోసమే మీ బిల్లులో కోస్తున్నారు.

ప్రమాదం మాట ఎత్తడం అశుభం అనుకుంటాం. కానీ పరంజా మీంచి పడిపోయేవాడు ముహూర్తం చూసి పడడు. 30 ఏళ్ళ మనిషి, నెలకి 15,000 పైన సంపాదిస్తున్నవాడు, మీ పనిలో ప్రాణం పోగొట్టుకుంటే చట్టం లెక్క ఇలా ఉంటుంది. లెక్కకు తీసుకునే జీతం 15,000, అందులో సగం 7,500, దాన్ని ఆ వయసుకి ఉన్న గుణకం 207.98తో హెచ్చవేస్తే 15,59,850. ముఠా మేస్త్రీ తెచ్చిన మనిషి అని తప్పించుకోలేరు. ఈ నష్టపరిహారానికి బీమా పాలసీ దొరుకుతుంది, పని పని కీ తీసుకోవచ్చు. ప్రీమియం చూసి ఎక్కువనిపిస్తే ఈ పేరాలో అంకె మళ్ళీ ఒకసారి చదవండి. హెల్మెట్లు కూడా కొనండి, కొని షెడ్డులో తాళం వేయకండి.

బిల్లు ఆలస్యమైతే వడ్డీ వస్తుందా అని చాలామంది అడుగుతారు. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా కేంద్రం దగ్గర నమోదు, చేయించుకోండి, ఉచితం. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకు 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి, దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్లు వడ్డీ. అయితే వర్క్స్ కాంట్రాక్టుకి అది వర్తించదని కొన్ని హైకోర్టులు తీర్పు చెప్పాయి, కాబట్టి ఆ వడ్డీ వస్తుందని ధైర్యంగా అప్పు చేయకండి. మీ అన్నయ్య ఉన్నచోట ప్రైవేటు ఇంటి యజమాని డబ్బు ఎగ్గొడితే ఆ ఆస్తి మీదే హక్కు నమోదు చేయించుకునే వీలుంది, మెకానిక్స్ లీన్ అంటారు. మనకు అలాంటిది లేదు. మనకు ఉన్నది ఒప్పంద పత్రం, తారీఖు, మూడేళ్ళ గడువు.

అందుకే ప్రైవేటు ఇళ్ళు ఒప్పుకున్నప్పుడు "మనోడే కదా" అన్న మాటకు కరిగిపోకండి. చదరపు అడుగు రేటు అంటే శ్లాబు కొలతా, లోపలి కొలతా? సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ అందులో ఉన్నాయా? బేస్‌మెంటుకి ఎంత, లింటలుకి ఎంత, శ్లాబుకి ఎంత ఇవ్వాలి? స్టాంపు కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. చుట్టాలైతే ఇంకా తప్పకుండా రాయండి.

మొదటి ఏడాది ఒక్క పనే పట్టండి. మీ చేతి డబ్బు, బావమరిది పది లక్షలు కలిపి, ఆ పని మొత్తం ఖర్చు పెట్టి బిల్లు ఆరు నెలలు రాకపోయినా ఇల్లు గడిచేంత ఉంటేనే రెండోది చూడండి. ఈఎండీ, అంటే ధరావతు, టెండరుతో ఒక శాతం, ఒప్పందం నాడు ఇంకో ఒకటిన్నర కట్టాలి, ఎఫ్ఎస్‌డీ ఏడున్నరతో కలిపి పనిలో పదో వంతు ఎప్పుడూ వాళ్ళ దగ్గరే ఉంటుంది.

చివరగా, మీరు అడగనిది ఒకటి ఉంది. ఇది ఈ వారంలోనే చేయాలి. గత రెండేళ్ళలో మీరు చేసిన పనులన్నింటి ఎఫ్ఎస్‌డీ ఇంకా శాఖ దగ్గరే ఉంది, కాంట్రాక్టరు గారి పేరున ఉంది. ఏడున్నర శాతం లెక్కన 30 లక్షల పనికి 2,25,000. ఆ డబ్బు మీది, కాగితంలో ఆయనది. మీ ఆవిడ పుస్తకం ముందు పెట్టుకుని పనుల పేర్లు, ఒప్పందం నంబర్లు, పని విలువ, ఎఫ్ఎస్‌డీలో ఆగిన మొత్తం, మీకు ఇంకా రావాల్సిన బాకీ, అన్నీ ఒక పేజీ మీద రాయించండి. ఆయన దగ్గరికి వెళ్ళి, "లెక్క ఒకసారి సరిచూద్దాం బాబూ" అని కూర్చుని, కింద ఆయన సంతకం, తారీఖు తీసుకోండి. పలాస జీడిపప్పు అరకిలో పట్టుకెళ్ళండి. సొంత లైసెన్సు మాట మాత్రం ఆ సంతకం పడి, పేజీ మీ జేబులోకి వచ్చాక, గుమ్మం దాటేటప్పుడు చెప్పండి.